రెజల్యూట్ – గ్రీస్ ఫియార్డ్ విమానం: వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి అరగంటా?

గోదావరి గాలి (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మా బావ కెనడాలో జనరేటర్ మెకానిక్. ఇన్నాళ్లూ విన్నిపెగ్‌లో ఉన్నాడు. ఇప్పుడు పైన, దేశం ఉత్తర కొసన ఉన్న నునావుట్ ప్రాంతంలో, రెజల్యూట్ అనే ఊళ్లో కాంట్రాక్టు పని దొరికింది. అక్కడి నుంచి అప్పుడప్పుడు గ్రీస్ ఫియార్డ్ అనే ఇంకో ఊరికి కూడా వెళ్లి రావాలట. రోడ్డు లేదు, చిన్న విమానమే గతి. అక్క పిల్లలతో ప్రస్తుతం మా దగ్గరే ఉంది. ఆవిడకి టెన్షన్, ఆవిడ వల్ల ఇంటిల్లిపాదికీ టెన్షన్.

నా సందేహం ఏంటంటే, ఫోన్‌లో మ్యాప్ చూస్తే ఆ రెండు ఊళ్ల మధ్య హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్నంత దూరం కనిపిస్తోంది. దూరం లెక్కించే సైట్లో పేర్లు కొడితే 385 కి.మీ. అంటోంది. సరే, అదే నిజం అనుకుందాం. బావ పంపిన ప్రయాణ కాగితంలో ఇంకో చిక్కు ఉంది. వెళ్లేటప్పుడు ఉదయం 10 గంటలకు బయలుదేరి 12:30కి దిగుతాడు. తిరుగు ప్రయాణంలో 1:30కి ఎక్కి 2 గంటలకు దిగుతాడు. అదే విమానం, అదే దారి! బావని అడిగితే "ఇక్కడంతా అంతేరా" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఉత్తినే

వెళ్లేటప్పుడు ఎగువకు, వచ్చేటప్పుడు దిగువకు. సింపుల్.

పటాల మాస్టారు (తెనాలి)

బాబూ, ముందు మ్యాప్ సంగతి తేల్చేద్దాం. నువ్వు ఫోన్‌లో చూసేది మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటం. గుండ్రటి భూమిని చదునుగా పరిచి, రేఖాంశాలన్నిటినీ నిలువు గీతల్లా సమాన దూరంలో పెట్టేస్తారు. నిజానికి అవి ధ్రువం దగ్గర ఒక్క బిందువులో కలుస్తాయి. కాబట్టి పైకి పోయేకొద్దీ పటంలో దూరాలు సాగుతాయి. ఆ రెండు ఊళ్లు 75, 76 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. అక్కడ సాగుడు సుమారు నాలుగు రెట్లు. 385ని నాలుగుతో గుణించు, 1,540. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలి దారిన 1,260 కి.మీ. చిల్లర. అందుకే నీకు అంత పొడుగ్గా కనబడింది. విస్తీర్ణమైతే పదహారు రెట్లు పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఇంకోలా చూడు. ఆ రెండు ఊళ్ల మధ్య రేఖాంశాల తేడా 12 డిగ్రీలు. మీ రాజమండ్రి నుంచి నేరుగా పడమటికి 12 డిగ్రీలు పోతే దాదాపు 1,280 కి.మీ. అవుతుంది. మహారాష్ట్ర తీరం దాటి అరేబియా సముద్రంలో తేలతావు. అదే 12 డిగ్రీలు అక్కడ 335 కి.మీ. మాత్రమే. నేను బడిలో ఉన్నన్నాళ్లూ గ్లోబు, దారం ముక్క పట్టుకుని ఇదే చూపించేవాణ్ణి. పిల్లలకు దారం గుర్తుండేది, అక్షాంశం గుర్తుండేది కాదు.

కోడ్ కాకి

385 సరైనదే. నేను చేతితో కూడా వేసి చూశాను. రెజల్యూట్ విమానాశ్రయం 74.72 ఉత్తరం, 94.97 పడమర. గ్రీస్ ఫియార్డ్ 76.43 ఉత్తరం, 82.91 పడమర. భూమిని వ్యాసార్ధం 6,371 కి.మీ. ఉన్న గోళం అనుకుంటే 383 కి.మీ. వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయిన సంగతి కూడా కలిపితే ఒకటి రెండు కి.మీ. పెరుగుతుంది. విమానాల లెక్కలో సుమారు 208 నాటికల్ మైళ్లు.

ఇక్కడ ఒక సరదా విషయం. "గోళం మీద అతి దగ్గరి దారి మ్యాప్‌లో వంపు తిరిగి కనిపిస్తుంది" అని అందరం చదువుకున్నాం కదా. అమెరికా విమానాలు ధ్రువం వైపు ఎందుకు వెళ్తాయంటే కూడా అదే చెప్తారు. ఈ రెండు ఊళ్ల మధ్య మాత్రం ఆ వంపు దారికీ, ఒకే దిక్కు పట్టుకుని పోయే దారికీ తేడా కిలోమీటరు కూడా లేదు. కానీ దిక్కు మారుతుంది! బయలుదేరేటప్పుడు ముక్కు ఉత్తరం నుంచి సుమారు 55 డిగ్రీలు తూర్పుకు ఉంటే, దిగేటప్పటికి అది 66 డిగ్రీలు. పైలట్ ఏమీ తిప్పకుండానే. రేఖాంశాలు అక్కడ అంత గబగబా దగ్గరపడతాయి.

రెండున్నర గంటలు, అరగంట సంగతి నాకూ అంతుపట్టలేదు.

ఎదురుగాలి

గాలే కారణం అయ్యుంటుంది. మన దగ్గర నుంచి అమెరికా వెళ్లేటప్పుడు ఒక టైమ్, వచ్చేటప్పుడు ఇంకో టైమ్ పడుతుంది కదా. గోదావరిలో పడవ ఏటికి ఎదురు పోవడం, వాలుకు రావడం లాంటిదే. అక్కడ గాలులు భయంకరంగా ఉంటాయని విన్నాను.

రన్‌వే చివర (హైదరాబాద్, పైలట్ ట్రైనీ)

గాలి వల్ల తేడా వస్తుంది అన్నా, కానీ ఇంత రాదు. లెక్క చూడండి. ఆ దారిలో తిరిగేది ట్విన్ ఆటర్. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, 19 సీట్ల చిన్న విమానం, మామూలు వేగం గంటకు 270–280 కి.మీ. గాలి లేకపోతే 385 కి.మీ.కి గంటా 25 నిమిషాలు. ఎక్కడం, దిగడం, నేలమీద తిరగడం కలుపుకుంటే గంటన్నర. గంటకు 50 కి.మీ. ఎదురుగాలి ఉందనుకోండి, గాల్లో గంటా 43 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే గంటా 11 నిమిషాలు. అంటే అరగంట తేడా. అరగంటలో 385 కి.మీ. దాటాలంటే గంటకు 770 కి.మీ. వేగం కావాలి. ట్విన్ ఆటర్‌కి అది కలలో కూడా రాదు.

కానీ ఒకటి గమనించండి. రెండున్నర గంటలు ప్లస్ అరగంట, మూడు గంటలు. సగం చేస్తే గంటన్నర. నా లెక్కకు సరిగ్గా సరిపోతోంది. అంటే ఎక్కడో ఒక గంట అటు కలిసి, ఇటు తగ్గింది.

మైనస్ నలభై (ఒటావా)

రన్‌వే తమ్ముడు దగ్గరికి వచ్చేశాడు. ఆ గంట గడియారంలో ఉంది.

రెజల్యూట్ సెంట్రల్ టైమ్ పాటిస్తుంది, గ్రీస్ ఫియార్డ్ ఈస్టర్న్ టైమ్. రెండూ నునావుట్‌లోని ఒకే జిల్లా కిందికి వస్తాయి, అయినా గడియారాలు వేరు. మీ బావగారు రెజల్యూట్‌లో 10కి ఎక్కితే గ్రీస్ ఫియార్డ్‌లో అప్పుడు 11. గంటన్నర ప్రయాణం, దిగేసరికి అక్కడి టైమ్ 12:30. తిరిగి 1:30కి బయలుదేరితే రెజల్యూట్‌లో అప్పుడు 12:30. గంటన్నర కలిపితే 2. కాగితంలో తప్పేమీ లేదు. విమానాల పట్టికల్లో ఎప్పుడూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. ఇండియా మొత్తానికీ ఒకే టైమ్ కాబట్టి మనకి అలవాటు లేక కంగారు పడతాం.

నేను కొన్నేళ్లు ఇకాలుయిట్‌లో ఉద్యోగం చేశాను. నునావుట్ రాజధాని అది. నునావుట్ మొత్తంలో మూడు టైమ్ జోన్లు ఉన్నాయి. మీటింగు ఎన్ని గంటలకు అంటే "ఎవరి ఎన్ని గంటలకు?" అని అడగడం అందరికీ అలవాటే.

గోదావరి గాలి

అబ్బ! మైనస్ నలభై గారూ, రన్‌వే బ్రో, దండం. ఇంతేనా విషయం. బావ ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిపోయేది కదా.

అంటే గంటన్నర ప్రయాణం అన్నమాట. అక్కకి చెప్పాను. "హైదరాబాద్ విమానం అంతేగా" అంది. కొంచెం తేలికపడింది.

రన్‌వే చివర

దూరంలో అయితే సరిగ్గా అంతే. రాజమండ్రి–హైదరాబాద్ గాలి దారిన 360 కి.మీ. మనకి ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కి.మీ. వేగంతో పోతుంది కాబట్టి గంటకు అటూ ఇటూగా దించేస్తుంది. అక్కడ ఏటీఆర్ ఎందుకు పెట్టరు అంటారా, దిగడానికి చోటు లేదు. గ్రీస్ ఫియార్డ్ రన్‌వే పొడవు 510 మీటర్లు. కంకర నేల. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అంటే మన రన్‌వేలో ఎనిమిదో వంతు. ఊరికి వెనక కొండలు, ముందు సముద్రం. కొండల పక్కనుంచి వంగి తిరిగి, ఆ చిన్న పట్టీ మీద దించాలి. అందుకే కొద్ది జాగాలో ఎగిరి కొద్ది జాగాలో దిగే ట్విన్ ఆటర్.

రెజల్యూట్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడిది కూడా కంకరే, కానీ దాదాపు రెండు కి.మీ. పొడవు. పాత రకం బోయింగ్ 737 జెట్లు కూడా కంకర మీద దిగేవి. ముందు చక్రానికి రాళ్లు ఎగరకుండా రేకు లాంటిది కట్టి, ఇంజన్ల ముందు గాలి ఊదే గొట్టాలు పెట్టి నడిపేవాళ్లు.

స్పానర్ సుబ్బు (ఎడ్మంటన్)

నేను విమానాల మెకానిక్‌ని, ట్విన్ ఆటర్‌ల మీద చాలాకాలం పనిచేశాను. అక్కయ్యగారికి చెప్పండి, ఆ విమానాన్ని చూసి భయపడక్కర్లేదు. చూడటానికి డొక్కులా ఉంటుంది, నిజమే. మొదటిసారి ఎగిరింది 1965లో. కానీ ఉత్తరాన దానికి పోటీ లేదు. దక్షిణ ధ్రువ కేంద్రంలో జబ్బు పడ్డవాళ్లని చలికాలంలో, చీకట్లో వెళ్లి తెచ్చింది కూడా ఇవే. 2001లో ఒకసారి, 2016లో ఒకసారి. కాల్గరీకి చెందిన కెన్ బోరెక్ ఎయిర్ వాళ్లు కెనడా నుంచి అమెరికా ఖండాల పొడవునా దిగుతూ దిగుతూ అంటార్కిటికా దాకా తీసుకెళ్లారు.

లోపల ఎలా ఉంటుందో చెప్తాను, బావగారికి పనికొస్తుంది. క్యాబిన్లో గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు ఉండదు, అందుకని మరీ ఎత్తుకు పోదు. మామూలుగా మూడు వేల మీటర్ల లోపే. కిందంతా కనిపిస్తుంది. చప్పుడు బాగా ఎక్కువ, చెవుల్లో పెట్టుకునే బిరడాలు జేబులో ఉండాలి. బాత్రూమ్ ఉండదు. ఈ ఒక్క విషయం ఎవరూ ముందు చెప్పరు, టీ రెండో కప్పు తాగేసి ఎక్కుతారు. సీట్లు అన్నీ ఉండవు, ముందు సగం సరుకులు, వెనక సగం మనుషులు. ఆ రోజు సరుకు ఎంతుందో దాన్నిబట్టి సీట్లు పెడతారు, తీసేస్తారు. సామానుతో పాటు మనిషిని కూడా తూకం వేస్తే నవ్వొద్దు, బూట్లు కోటు కలిపే లెక్క.

చలికాలంలో ఆగిన విమానం ఇంజన్లకు దుప్పట్లలాంటి కవర్లు తొడుగుతాం. బయలుదేరే ముందు హీటరు గొట్టం పెట్టి వేడిగాలి ఊదుతాం. మైనస్ 40లో స్పానర్ పట్టుకుంటే గ్లోవ్ ఉన్నా వేళ్లు మొద్దుబారతాయి. ఇంజను పెట్టగానే తిరిగినా బ్యాటరీ, సీళ్లు, టైర్లు అన్నీ ఒక్కొక్కటిగా సతాయిస్తాయి. గంటన్నర ప్రయాణానికి వెనక ఈ పని ఉంటుంది. అది ఏ వెబ్‌సైట్లోనూ కనిపించదు.

మైనస్ నలభై

సుబ్బు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. గోదావరి గాలి గారూ, అక్కకి "గంటన్నర" అని చెప్పి ఊరుకోకండి. రేపు బావ చెప్పిన రోజున దిగకపోతే మళ్లీ కంగారు పడతారు. ఆ దారిలో గాల్లో ఉండే టైమ్ గంటన్నర, నేలమీద కాచుకుని కూర్చునే టైమ్ ఎంతో ఎవరికీ తెలియదు. విమానం రోజూ ఉండదు. వేసవిలో సముద్రం కరిగిన చోట పొగమంచు కమ్ముతుంది. చలికాలంలో మంచు గాలి. గ్రీస్ ఫియార్డ్‌లో అయితే కొండల మీంచి గాలి కిందికి విరుచుకుపడుతుంది. కొండ కనబడకపోతే పైలట్ దించడు. అక్కడివాళ్లు టికెట్ తేదీని ముహూర్తంలా చూడరు. డాక్టరు అపాయింట్‌మెంటు ఉన్నవాళ్లు ముందుగా బయలుదేరతారు, లేదా మార్చుకుంటారు.

రెండు మూడు రోజులు ఆగిపోయినా అది ప్రమాదం కాదు, పైలట్లు తీసుకునే జాగ్రత్త. మందులు వాడేవాళ్లయితే రెండు వారాలకు సరిపడా చేతి సంచిలో పెట్టుకోమనండి, చెక్-ఇన్ సామానులో కాదు. ఎండు సరుకులు, పచ్చళ్లు ఒటావాలోనో విన్నిపెగ్‌లోనో కొని పట్టుకెళ్లడం మేలు. కందిపప్పు అక్కడ దొరకదు. బరువు సామాన్లన్నీ వేసవి చివర ఏడాదికోసారి వచ్చే ఓడలో వస్తాయి. మిగతా పదకొండు నెలలూ పాలు, కూరగాయలు విమానంలోనే. ధరలు చూసి గుండె ఆగకుండా చూసుకోమనండి.

కోడ్ కాకి

వెళ్లాక దిగలేకపోతే ఏం చేస్తారు? దగ్గర్లో ఇంకో రన్‌వే ఉందా?

రన్‌వే చివర

అసలు కిటుకు అదే కాకి బ్రో. దగ్గర్లో ఏమీ లేదు. కాబట్టి వెనక్కి రెజల్యూట్‌కే రావాలి. అంటే బయలుదేరేటప్పుడే 385 కాదు, 770 కి.మీ.కి సరిపడా ఇంధనం, పైన రిజర్వు పోసుకోవాలి. ట్విన్ ఆటర్ గంటకు సుమారు 270 కిలోలు తాగుతుంది. రానూపోనూ మూడు గంటలు, రిజర్వు కలిపితే వెయ్యి కిలోల దరిదాపుల్లోకి పోతుంది. ఆ బరువంతా సరుకు నుంచో మనుషుల నుంచో తగ్గించాలి. 19 సీట్ల విమానంలో ఎనిమిది తొమ్మిది మందే కనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. టికెట్ ఖరీదు ఎందుకంతో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇంధనం రెజల్యూట్‌కి చేరేది కూడా ఓడలోనే మరి.

ఎదురుగాలి

నాకు గుర్తుంది, రెజల్యూట్ దగ్గర ఒక విమానం కూలింది కదా? పేపర్లో చదివాను. అక్కగారిని భయపెట్టడానికి కాదు, తెలుసుకుందామని.

నిర్వాహకుడు

భయపడే మనిషి ఇంట్లో ఉన్నారని మొదటి పోస్టులోనే రాశారు. ప్రమాదాల గురించి మాట్లాడొచ్చు, కానీ తెలిసిన వివరాలతోనే. పుకార్లు తీసేస్తాం.

స్పానర్ సుబ్బు

అడిగారు కాబట్టి చెప్పడమే మంచిది. 2011 ఆగస్టు 20. ఫస్ట్ ఎయిర్ 6560 నంబరు విమానం. యెల్లోనైఫ్ నుంచి రెజల్యూట్‌కి వస్తున్న బోయింగ్ 737. ట్విన్ ఆటర్ కాదు, గ్రీస్ ఫియార్డ్ దారీ కాదు. దిగుతూ రన్‌వేకి తూర్పున ఉన్న కొండను ఢీకొంది. 15 మందిలో 12 మంది చనిపోయారు, ముగ్గురు బతికారు. ఆ సమయంలో అక్కడ కెనడా సైన్యం విన్యాసాలు జరుగుతున్నాయి, అందుకని సాయం వెంటనే అందింది.

దర్యాప్తులో చాలా కారణాలు బయటపడ్డాయి. కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడు విమానం దిక్సూచి వ్యవస్థ 8 డిగ్రీలు తప్పుగా సెట్ అయింది, తర్వాత ఆ తేడా 17 డిగ్రీలకు పెరిగింది. ఆటోపైలట్ రన్‌వే దారిని పట్టుకునే పద్ధతి నుంచి తెలియకుండానే మారిపోయింది. దారి తప్పామని కో-పైలట్ చెబుతూనే ఉన్నాడు. ఇద్దరి మధ్య పరిస్థితి గురించి ఒక మాట కుదిరేసరికి ఆలస్యమైపోయింది. మా వృత్తిలో ఈ కేసును ఇప్పటికీ పాఠంగా చెబుతారు, ముఖ్యంగా కాక్‌పిట్‌లో చిన్నవాడి మాట పెద్దవాడు ఎలా వినాలి అన్నదానికి.

పటాల మాస్టారు

దిక్సూచి సంగతి వచ్చింది కాబట్టి నేనూరుకోలేను. అక్కడ మామూలు అయస్కాంత దిక్సూచి పనికిరాదు. భూమి అయస్కాంత ఉత్తర ధ్రువం కెనడా దీవుల మధ్యనే చాలాకాలం ఉంది. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ దాన్ని బూతియా ద్వీపకల్పంలో గుర్తించాడు. 1994లో కొలిస్తే ఎలెఫ్ రింగ్నెస్ దీవి దగ్గర ఉంది, అంటే రెజల్యూట్‌కి వాయవ్యంగా. ఇప్పుడు అది రష్యా వైపు జరిగిపోతోంది. ధ్రువానికి దగ్గరైనకొద్దీ అయస్కాంత బలం పక్కకు కాకుండా కిందికి లాగుతుంది, ముల్లుకి ఎటు తిరగాలో తెలియదు.

రన్‌వే చివర

అవును మాస్టారూ. అందుకే కెనడా ఉత్తర గగనతలంలో దిక్కులన్నీ అయస్కాంత ఉత్తరంతో కాక అసలు ఉత్తరంతో లెక్కిస్తారు. మామూలుగా రన్‌వే నంబరు అయస్కాంత దిక్కును బట్టి పెడతారు. రెజల్యూట్ రన్‌వే నంబరు 17, 35 పక్కన అసలు ఉత్తరం అని తెలిసేలా ఒక అక్షరం కూడా రాస్తారు. విమానంలో జైరోస్కోపుతో (వేగంగా తిరుగుతూ ఒకే దిక్కు నిలుపుకునే చక్రం) దిక్కు పట్టుకుంటారు, అది కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది, పైలట్ దాన్ని చూసి సరిచేస్తూ ఉండాలి. జీపీఎస్ వచ్చాక పని చాలా తేలికైంది. కాకి బ్రో చెప్పిన 55 నుంచి 66 డిగ్రీల మార్పు కూడా ఇప్పుడు యంత్రమే చూసుకుంటుంది. ఒకప్పుడు సూర్యుణ్ణి చూసి దిక్కు లెక్క కట్టేవాళ్లు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడే రాడు, అప్పుడు చుక్కలే దిక్కు.

ఉత్తినే

సీరియస్‌గా అడుగుతున్నా. రోడ్డు లేదు, సూర్యుడు లేడు, కందిపప్పు లేదు. అక్కడ మనుషులు ఎందుకు ఉంటున్నారు?

చరిత్ర పిచ్చి (వరంగల్)

ఉత్తినే గారూ, మంచి ప్రశ్న. వాళ్లు ఎంచుకుని వెళ్లలేదు.

రెజల్యూట్‌లో 1947లో కెనడా, అమెరికా కలిసి వాతావరణ కేంద్రం పెట్టాయి, తర్వాత ఎయిర్‌స్ట్రిప్ వేశారు. అప్పటికి ఊరు లేదు. 1953లో కెనడా ప్రభుత్వం క్యూబెక్ ఉత్తరాన, హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న ఇనుక్‌జువాక్ నుంచి కొన్ని ఇన్యూట్ (ఆర్కిటిక్ ఆదివాసులు) కుటుంబాలను ఓడ ఎక్కించి సుమారు 2,000 కి.మీ. పైకి తీసుకెళ్లింది. అక్కడి చలి, చీకటి తెలిసినవాళ్లని పాండ్ ఇన్లెట్ నుంచి కొందరిని కలిపింది. వేట బాగా దొరుకుతుంది, నచ్చకపోతే రెండేళ్లలో తిరిగి రావచ్చు అన్నారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఇనుక్‌జువాక్‌లో చలికాలంలో కూడా సూర్యుడు వస్తాడు, వేట రకాలు వేరు, మంచు తీరు వేరు. కొత్త చోట మొదటి చలికాలాలు నరకం చూశారు. ఆర్కిటిక్ దీవుల మీద కెనడా హక్కును గట్టి చేసుకోవడానికే జనాన్ని అక్కడ పెట్టారని బతికి బయటపడ్డవాళ్లు చెబుతూ వచ్చారు.

ఈ థ్రెడ్‌కి సంబంధించిన ముక్క ఇది. వాళ్లంతా ఒకే చోట ఉంటామనుకున్నారు. ఓడ మీద ఉండగా, పైకి చేరాక చెప్పారు, కొందరు ఎల్స్‌మియర్ దీవిలో దిగాలి, కొందరు రెజల్యూట్‌కి పోవాలి అని. అన్నదమ్ములు, దగ్గరి బంధువులు విడిపోయారు. ఎల్స్‌మియర్‌లో దిగినవాళ్లది తర్వాత గ్రీస్ ఫియార్డ్ అయింది. మీరు లెక్క వేసిన 385 కి.మీ. ఆ కుటుంబాల మధ్య అధికారులు పెట్టిన దూరం.

1980ల నుంచి వాళ్లు పోరాడారు. కొందరిని వెనక్కి పంపారు. ఆదివాసుల సమస్యల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 1994లో ఈ తరలింపును తప్పుపట్టింది. 1996లో కోటి డాలర్ల నిధి ఇచ్చారు, కానీ క్షమాపణ చెప్పలేదు. అది 2010 ఆగస్టు 18న వచ్చింది. ఆ ఏడాదే రెండు ఊళ్లలోనూ స్మారక శిల్పాలు నిలబెట్టారు. గ్రీస్ ఫియార్డ్‌ది చెక్కింది ఆ ఊరి శిల్పి లూటీ పిజామిని. పిల్లాడితో, కుక్కతో నిలబడ్డ స్త్రీ విగ్రహం. రెజల్యూట్‌లో ఒంటరిగా ఒక పురుషుడు.

2021 జనాభా లెక్కల్లో రెజల్యూట్‌లో 183 మంది, గ్రీస్ ఫియార్డ్‌లో 144 మంది. సైనిక, వాతావరణ కేంద్రాలు పక్కన పెడితే కెనడాలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న ఊరు గ్రీస్ ఫియార్డే. ఇప్పుడు అక్కడ పుట్టి పెరిగిన తరానికి అదే సొంతూరు, వాళ్లని "పాపం" అంటే ఒప్పుకోరు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఉత్తినే

ఇది తెలియదు. రాసినందుకు థాంక్స్ అండి.

మైనస్ నలభై

చరిత్ర పిచ్చి గారు ఆఖర్న రాసింది నిజం. ఇకాలుయిట్‌లో నాతో పనిచేసిన వాళ్లలో గ్రీస్ ఫియార్డ్ మనుషులున్నారు. సెలవొస్తే ఇంటికి పోవడానికి ఎంత ఆరాటపడేవారో! ఇకాలుయిట్ నుంచి రెజల్యూట్ 1,575 కి.మీ., అక్కడి నుంచి ఈ 385. ఒటావా నుంచి ఇకాలుయిట్‌కే దాదాపు 2,100. అంతా కలిపితే నాలుగు వేల కి.మీ. పైనే, దేశం దాటకుండా. సగం సెలవు రెజల్యూట్‌లో కిటికీ దగ్గర అయిపోయేది కొన్నిసార్లు. అయినా వెళ్లేవారు.

కోడ్ కాకి

ఒక చిన్న ఆసక్తికరమైన విషయం. దారిని మ్యాప్ మీద గీస్తే వెల్లింగ్టన్ జలసంధి దాటి డెవన్ దీవి మీదుగా పోతోంది. ప్రపంచంలో మనుషులు లేని దీవుల్లో అతి పెద్దది అది. అందులో హౌటన్ అనే ఉల్కా బిలం ఉంది, సుమారు 23 కి.మీ. వెడల్పు. నాసా వాళ్లు అంగారక గ్రహం మీద వాడబోయే పరికరాలను, పద్ధతులను అక్కడ పరీక్షిస్తారు. నా లెక్క ప్రకారం ఆ బిలం ఈ దారికి కొద్దిగా దక్షిణంగా, పాతిక కి.మీ. లోపే ఉంది. సుబ్బు గారూ, కిటికీలోంచి కనిపిస్తుందా?

స్పానర్ సుబ్బు

మబ్బు లేకపోతే కుడివైపు కూర్చున్నవాళ్లకి ఛాన్స్ ఉంది. కానీ అది లోతైన గుంతలా ఉంటుందని ఊహించుకోకండి. కోట్ల ఏళ్లలో అరిగిపోయి, బూడిదరంగు నేల మీద వలయంలా ఉంటుంది. మంచు కప్పితే తెలియదు. వచ్చేటప్పుడు ఎడమవైపు.

రన్‌వే చివర

ఇలాంటి దారి మనవాళ్లకి కూడా ఒకటుంది. నార్వే పైన స్వాల్‌బార్డ్‌లో నై-ఒలెసుండ్ అనే చోట 2008 నుంచి ఇండియా పరిశోధన కేంద్రం హిమాద్రి నడుస్తోంది. మన శాస్త్రవేత్తలు లాంగ్‌ఇయర్‌బియెన్ దాకా పెద్ద విమానంలో వెళ్లి, అక్కడి నుంచి చిన్నది ఎక్కుతారు. 110 కి.మీ., అరగంట లోపే. ఆ దారిలో ఏళ్ల తరబడి తిరిగింది డోర్నియర్ 228. అదే రకాన్ని మన కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేస్తుంది. 2022లో డిబ్రూగఢ్ నుంచి అరుణాచల్‌లోని పాసీఘాట్‌కి అలయన్స్ ఎయిర్ మొదలుపెట్టింది అక్కడ తయారైనదే.

గోదావరి గాలి

ఇంత చర్చ అవుతుందని అనుకోలేదు. అక్కకి అన్నీ చదివి వినిపించాను, 2011ది కూడా. దాచి ఉంటే ఎలాగూ గూగుల్‌లో చూసేది. "ఆలస్యమైతే వాతావరణం అనుకోవాలి, అంతేగా" అంది. చరిత్ర పిచ్చి గారి పోస్టు మాత్రం రెండుసార్లు చదవమంది. బావ నిన్న రెజల్యూట్ చేరాడు. గ్రీస్ ఫియార్డ్ ప్రయాణం పొగమంచు వల్ల ఎల్లుండికి మారిందట.

ఆఖరి సాయం: ఫోన్ చేయడానికి ఏ టైమ్ సరిపోతుంది? పిల్లలు ఉదయం ఏడింటికి స్కూలుకి తయారవుతూ మాట్లాడతామంటున్నారు.

మైనస్ నలభై

ఏడు బాగా కుదురుతుంది. వేసవి టైమ్‌లో, అంటే అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా, మీకు ఉదయం 7 అయితే రెజల్యూట్‌లో ముందురోజు రాత్రి 8:30, గ్రీస్ ఫియార్డ్‌లో 9:30. చలికాలంలో రెజల్యూట్‌లో 7:30, గ్రీస్ ఫియార్డ్‌లో 8:30. ఎప్పుడైనా బావ తీయకపోతే ముందు అతను ఏ ఊళ్లో ఉన్నాడో చూసుకోండి. ఇంటర్నెట్ కాల్ తెగిపోతే మామూలు ఫోన్ చేయండి, అక్కడ అదే నమ్మకం.

స్పానర్ సుబ్బు

ఎల్లుండి ఎక్కేముందు టీ ఒక్క కప్పే అని బావగారికి చెప్పడం మర్చిపోకండి.